అలోంజో చర్చి: రకమును వ్రాసి చూపిన తార్కికుడు

ఆరు అను మాటను ఒంటరిగా విన్నవాడు దాని అర్థమును తేల్చి చెప్పజాలడు. బుట్టలో మామిడికాయలు ఆరు కలవనిన అది సంఖ్య. దీపము ఆరు వేళ యనిన అది క్రియ. నూరు అను మాటయు అట్టిదే. రూపాయలు నూరు అనిన లెక్క. రోటిలో పచ్చడి నూరు అనిన పని. అక్షరములు అవియే, రకము వేరు. చుట్టునున్న మాటలు రకమును తెలుపుచున్నవి గనుక మనము తడబడము. చుట్టును మాటలు లేనపుడు చెప్పువాడే విప్పి చెప్పవలెను. ఇంత చిన్నదిగా తోచు ఈ విషయమును గణితశాస్త్రమున ఆధారముగా గొని, తాను కట్టిన కట్టడము కూలిన పిమ్మట మరల నిలబెట్టిన మహనీయుడు అలోంజో చర్చి. ఆయన జీవితమును మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును ఈ పుటలలో తెలుప నెంచితిమి.

మన యానాము పిల్లలు ఇంట తెలుగు మాటలాడి, బడిలో తెలుగున చదివి, పదవ తరగతి దాటిన పిమ్మట పాలిటెక్నిక్కులకును ఇంజనీరింగు కళాశాలలకును పోవుచున్నారు. అచట పైథాను, జావా మున్నగు కంప్యూటరు భాషలు నేర్చునపుడు లాంబ్డా అను మాట వారికి ఎదురగును. ఆ లాంబ్డా ఏ రకమునకు చెందినదో తెలియకున్నదని కంప్యూటరు ఒకనాడు తప్పు చూపును. పిల్లవాడు తెరమీది అక్షరములను చూచి, తనకు ఇంగ్లీషు చాలనందుననే బోధపడలేదని తలంచి కుంగిపోవును. లోపము వాని ఇంగ్లీషులో లేదు. ఆ చిక్కు దాదాపు తొంబది సంవత్సరముల నాటిది. గొప్ప గొప్ప పండితులే దానిలో తగుల్కొనిరి. దాని పుట్టుక తెలిసినచో దానికి మందును తెలియును.

అలోంజో చర్చి 1903వ సంవత్సరము జూన్ 14వ తేదీన అమెరికా రాజధానియగు వాషింగ్టను నగరమున జన్మించెను. తండ్రి సామ్యూల్ రాబిన్స్ చర్చి ఆ నగర న్యాయస్థానమున న్యాయాధిపతి. ముత్తాత జార్జియా విశ్వవిద్యాలయమునకు అధ్యక్షుడై యుండెను; ఆయన పేరే ఈ బాలునకును పెట్టిరి. తండ్రికి చూపు మందగించుటచే ఉద్యోగము పోయెను. కుటుంబము వర్జీనియా రాష్ట్రమునకు తరలిపోయెను. పినతండ్రి సహాయముతో అలోంజో కనెక్టికట్ రాష్ట్రమునందలి రిడ్జ్‌ఫీల్డు పాఠశాలలో చదివి 1920లో ఉత్తీర్ణుడయ్యెను. బాల్యముననే గాలితుపాకి ప్రమాదమున ఆయనకు ఒక కన్ను పోయెను. తండ్రికి చూపు తగ్గి బ్రతుకు తలక్రిందైన యింట ఒంటికంటితో చదువు సాగించిన బాలుడు ఆయన.

అటుపిమ్మట ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయమున చేరి, 1924లో పట్టభద్రుడయ్యెను. ఆ యేడే ఆయన తొలి పరిశోధన వ్యాసము వెలువడెను. 1925లో మేరీ జూలియా కుజిన్‌స్కీ అను నామెను వివాహమాడెను. వారికి ముగ్గురు సంతానము కలిగిరి. ఆస్వాల్డ్ వెబ్లెన్ అను గణితాచార్యుని కడ పరిశోధన చేసి 1927లో డాక్టరు పట్టమును పొందెను. పిదప రెండేండ్లు విద్యార్థివేతనముతో హార్వర్డునందును, జర్మనీలోని గటింగెన్‌నందును, హాలండులోని ఆమ్‌స్టర్‌డామునందును గడపి, 1929లో ప్రిన్‌స్టన్‌నకు మరలివచ్చి అచట అధ్యాపకుడయ్యెను. 1967 వరకు ఆ స్థానమున నుండెను.

ఆ కాలమున తర్కశాస్త్రమునకు పెద్ద గాయమొకటి తగిలియుండెను. ఆ గాయమును పిల్లలకు తెలియునట్లు చెప్పుదుము. ఒక గ్రంథాలయమున పుస్తకముల పట్టికలు అనేకము కలవనుకొందము. కొన్ని పట్టికలు తమ పేరును కూడ తమలో చేర్చుకొనును; కొన్ని చేర్చుకొనవు. తమను తాము చేర్చుకొనని పట్టికలన్నిటికి ఒక పెద్ద పట్టిక వ్రాయుమనిన, ఆ పెద్ద పట్టికలో దాని పేరు వ్రాయవలెనా, మానవలెనా? వ్రాసినచో వ్రాయరాదు, మానినచో వ్రాయవలెను. ఇట్టి విరోధమును బెర్ట్రాండ్ రస్సెల్ అను ఆంగ్ల తార్కికుడు 1901లో కనుగొని, మరుసటి యేడు జర్మనీ పండితుడగు ఫ్రేగెకు తెలుపగా, ఆయన జీవితమెల్ల కట్టిన తర్కసౌధము బీటవారెను. రస్సెల్ 1908లో ఒక విరుగుడు చెప్పెను. వస్తువులను మెట్లుగా విభజింపవలెను. వస్తువులు ఒక మెట్టు, వస్తువుల సముదాయములు వేరొక మెట్టు. ఏ సముదాయమును తన మెట్టుననే తనను గూర్చి చెప్పుకొనరాదు. ఈ మెట్లనే రకములనిరి. ప్రోగ్రాములు వ్రాయువారు నేడు టైపు అని పిలుచునది ఈ రకమునే.

యువకుడగు చర్చికి ఆ మెట్ల ఏర్పాటు అక్కరలేదని తోచెను. రకములు లేకయే, తర్కసూత్రములను కొన్నింటిని సడలించి, విరోధము రాని వ్యవస్థ నొకదానిని నిర్మింపవచ్చునని ఆయన తలంచెను. 1932లో ఆ వ్యవస్థను ప్రకటించి, 1933లో సవరణలతో రెండవ భాగమును వెలువరించెను. దానిలో ఒక క్రొత్త రచనా పద్ధతి కలదు. గణితమున ఒక రాశిని తీసుకొని వేరొక రాశిని ఇచ్చు ఏర్పాటును ప్రమేయమందురు. ఇచ్చిన సంఖ్యకు రెండు కలుపుట ఒక ప్రమేయము. దానికి పేరు పెట్టకయే చెప్పుటెట్లు? చర్చి లాంబ్డా అను గ్రీకు అక్షరమును ముందు వ్రాసి, దాని ప్రక్కన తీసుకొనబోవు రాశి గుర్తును, ఆపైన ఆ రాశితో చేయు పనిని వ్రాసెను. ఇంతే లాంబ్డా. పేరు లేని ప్రమేయము. చూచుటకు ఏమియు లేనట్లుండు ఈ గుర్తుతో లెక్కించుట యను కార్యమునంతటిని చెప్పవచ్చునని క్రమముగా తేలెను.

కాని దెబ్బ యింటిలోనుండియే తగిలెను. స్టీఫెన్ క్లేనీ, బార్క్‌లీ రాసర్ అనువారు ఆయన శిష్యులు. గురువుగారి వ్యవస్థను శ్రద్ధగా పరీక్షించుచు, 1935లో వారే దానిలో విరోధము కలదని నిరూపించి ప్రకటించిరి. ఆ వ్యవస్థలో ఏ వాక్యమునైనను, నిజమును గాని అబద్ధమును గాని, నిరూపింపవచ్చును. అన్నిటిని నిరూపించునది దేనిని నిరూపించినట్లును కాదు. ముప్పది రెండేండ్ల అధ్యాపకునికి, సొంత శిష్యుల చేతిమీదుగా, నాలుగేండ్ల కృషి వమ్మయ్యెను.

ఇచటనే ఆయన గొప్పతనము కనబడును. కూలిన యింటిలో దూలములను పరీక్షించు వడ్రంగివలె ఆయన తన వ్యవస్థను విడదీసి చూచెను. తర్కమునకు సంబంధించిన భాగము చెడినది. లాంబ్డా లెక్క చెడలేదు. చెడినదానిని తీసివేసి చెడనిదానిని ఉంచుకొనెను. 1936లో ఆ లాంబ్డా లెక్కతోనే లోకమును ఆశ్చర్యపరచిన ఫలితమును చూపెను. జర్మనీ గణితాచార్యుడగు హిల్బర్టు, తర్కవాక్యమేదైనను సాధ్యమా కాదా యని యంత్రమువలె తేల్చు పద్ధతి యొకటి కలదా యని 1928లో అడిగియుండెను. అట్టి పద్ధతి లేదు, ఉండబోదు అని చర్చి నిరూపించెను. అదే సంవత్సరమున ఇంగ్లండులో అలన్ ట్యూరింగ్ అను యువకుడు ఊహాయంత్ర మొకదానిని కల్పించి అదే ఫలితమును వేరుగా సాధించెను. ట్యూరింగ్ ఆ యేడే ప్రిన్‌స్టన్‌నకు వచ్చి, చర్చి కడ శిష్యుడై 1938లో డాక్టరు పట్టమును పొందెను. ఆ యంత్రమునకు ట్యూరింగ్ యంత్రమను పేరు పెట్టినది చర్చియే.

కూలిన భాగమునకు విరుగుడు 1940లో వచ్చెను. తాను ఒకనాడు అక్కరలేదని విడిచిన రకములనే చర్చి చేపట్టి, లాంబ్డాతో కలిపి, సరళమైన రకసిద్ధాంతమును ప్రకటించెను. అందు మూలరకములు రెండే: వస్తువులు, వాక్యములు. వాటినుండి ప్రమేయముల రకములు పుట్టును: ఈ రకమును తీసుకొని ఆ రకమును ఇచ్చునది అని. ప్రతి గుర్తు పాదమున దాని రకమును చిన్న అక్షరముతో వ్రాయవలెను. అట్లు వ్రాసినచో ఒక ప్రమేయమును దానికే ఇచ్చుట వీలుకాదు. తనను తాను మ్రింగు పామునకు అచట చోటు లేదు.

ఇదే కాలమున హాస్కెల్ కర్రీ అను మరియొక అమెరికా తార్కికుడు వేరొక త్రోవను నడచెను. గుర్తులమీద రకములను వ్రాయకయే, వాటి నడకనుబట్టి రకమును ఊహింపవచ్చునని ఆయన మతము. రెండు త్రోవలకును మనకు తెలిసిన పోలికలు కలవు. 1954 వరకు ఫ్రెంచి పాలనలో నుండిన మన యానామున ఆ భాష చదివిన పెద్దలు ఎరుగుదురు: ఫ్రెంచిలో నామవాచకమునకు ముందు అది పుంలింగమా స్త్రీలింగమా తెలుపు చిన్నమాటను చేర్చి చెప్పుదురు. చర్చి పద్ధతి అట్టిది. రకము పైననే వ్రాసియుండును. తెలుగున కర్తను చెప్పకయే వచ్చినాడు అనిన, వచ్చినవాడు పురుషుడని క్రియాపదపు చివరనుబట్టి తెలియును. కర్రీ పద్ధతి అట్టిది. కాని వచ్చినది అనిన, వచ్చినది స్త్రీయా, ఆవా, ఉత్తరమా? తెలియదు. అచట కర్తను నోరు విప్పి చెప్పవలసినదే. ఊహించుట ఎంతవరకు, వ్రాయుట ఎచటినుండి అను ప్రశ్న ఇట్లు పుట్టెను.

చర్చి గురువుగా కూడ మహానుభావుడు. పాఠమునకు ముందు నల్లబల్లను మచ్చలేకుండ తుడిచెడివాడనియు, ఒకొకప్పుడు నీటితో కడిగెడివాడనియు, ప్రతి మాటను తూచి పలికెడివాడనియు ఆయన కడ చదివినవారు చెప్పియున్నారు. 1936లో తర్కశాస్త్ర పత్రిక నొకదానిని స్థాపించుటలో ముఖ్యుడై, దాని సమీక్షల విభాగమును 1979 వరకు నడపెను. 1666 నుండి వెలువడిన తర్కగ్రంథముల పట్టికను తానే కూర్చి ఆ పత్రికలో ప్రకటించెను. ఆయన శిష్యులలో మైఖేల్ రాబిన్, డానా స్కాట్ 1976లో ట్యూరింగ్ పురస్కారమును పంచుకొనిరి. జాన్ కెమెనీ 1964లో తోటి ఆచార్యునితో కలసి బేసిక్ అను కంప్యూటరు భాషను నిర్మించెను. తొలినాళ్ల చిన్న కంప్యూటర్లమీద ఎందరో నేర్చినది ఆ భాషయే. తన తప్పును బయటపెట్టిన క్లేనీ, రాసర్‌లును ఆయనకు జీవితాంతము ప్రియశిష్యులుగనే గణ్యతకెక్కిరి.

కాగితముమీది లాంబ్డా కంప్యూటరులోనికి వచ్చుటకు ఎక్కువ కాలము పట్టలేదు. 1958లో జాన్ మెకార్తీ నిర్మింపనారంభించిన లిస్ప్ అను భాషలో లాంబ్డా అను మాటయే చేరెను. రకమును ఊహించు పద్ధతిని రోజర్ హిండ్లీ 1969లో తర్కమునందు స్థిరపరచెను. ఎడిన్‌బరో నగరమున రాబిన్ మిల్నర్ 1978లో ప్రోగ్రాములకు అన్వయించెను. పైథానులో 1994లోను, సి ప్లస్ ప్లస్‌లో 2011లోను, జావాలో 2014లోను లాంబ్డా ప్రవేశించెను. పైథానులో రకములను వ్రాయు సూచికల పద్ధతి 2015లో ఏర్పడెను. చర్చి పాదమున వ్రాసిన చిన్న అక్షరమునకు ఇవి మునిమనుమలు.

ఇక మా విద్యార్థికి ఎదురగు చిక్కును చూతము. ఒకడు తరగతి మార్కుల ప్రోగ్రాము వ్రాయుచున్నాడనుకొందము. విద్యార్థి అను రకమును తానే కల్పించుకొనెను. అందు పేరు, క్రమసంఖ్య, మార్కులు ఉండును. మార్కులనుబట్టి వరుస పెట్టుటకు ఒక లాంబ్డా వ్రాసెను; అది విద్యార్థిని తీసుకొని మార్కులను ఇచ్చును. విద్యార్థుల జాబితాను వరుసపెట్టు ఆజ్ఞలోనే దానిని వ్రాసినచో చిక్కు లేదు. జాబితాలో నున్నవారు విద్యార్థులని తెలియును గనుక, లాంబ్డాకు వచ్చునది విద్యార్థి యని కంప్యూటరు ఊహించును. అదే లాంబ్డాను వెలుపలికి తీసి, ఏ సూచికయు లేక, ఒంటరిగా నిలిపినచో అది ఆరు అను మాటవలె అగును. జావా కంపైలరు అట్టిదానిని నిరాకరించును. పైథాను రకపరీక్షకుడైన మైపై మాత్రము నోరు మెదపక, ఏ రకమైనను కావచ్చునని విడిచిపెట్టును. తగవులాడు కంపైలరుకన్న మౌనముగా నుండు పరీక్షకుడే అపాయకరుడు. తప్పు దాగియుండి, మార్కులు పంచు దినమున బయటపడును.

మందు ఇట్లు వేయవలెను. మొదట లాంబ్డా ఎచట నిలిచియున్నదో చూడవలెను. దాని చుట్టునున్న జాబితా ఖాళీగా ఆరంభమైనచో ఆ జాబితాకే రకము తెలియదు. కావున జాబితామీద సూచిక వ్రాయవలెను. రెండవది, లాంబ్డా తీసుకొను రాశికి రకమును వ్రాయవలెను. జావాలోను, సి ప్లస్ ప్లస్‌లోను లాంబ్డాలోనే వ్రాయవచ్చును. పైథాను లాంబ్డాలో వ్రాయుటకు చోటు లేదు. కావున లాంబ్డాకు పెట్టిన పేరుమీద, విద్యార్థిని తీసుకొని సంఖ్యను ఇచ్చునది అను సూచికను ఉంచవలెను. లేక లాంబ్డాను విడిచి పేరుగల ప్రమేయముగా మార్చి, తీసుకొనుదానికిని ఇచ్చుదానికిని రకములు వ్రాయవలెను. ఒక్కొక్క సూచికను వ్రాసి, ఒక్కొక్కమారు పరీక్షించినచో, తప్పు ఎచటినుండి ఎచటికి జరిగినదో తెలియును.

మూడవది మిక్కిలి ముఖ్యము. తాను కల్పించిన రకమే అబద్ధమాడుచున్నదేమో చూడవలెను. మార్కులు పూర్ణసంఖ్య అని విద్యార్థి రకములో వ్రాసితిమి. పరీక్షకు రానివాని మార్కుల గడి ఖాళీగా నున్నది. తప్పు లాంబ్డా యున్న వరుసలో కనబడును; కాని లాంబ్డా నిర్దోషి. సంఖ్య లేక ఖాళీ అని రకమును సవరించి, ఖాళీ వచ్చినపుడు ఏమి చేయవలెనో చెప్పవలెను. కొందరు విసిగి, ఏ రకమైనను సరే యను సూచికను అంటించి పరీక్షకుని నోరు మూయుదురు. అది జ్వరము తగ్గలేదని జ్వరమాపినిని పగులగొట్టుట.

అన్నిటిని కంప్యూటరే ఊహింపరాదా యని పిల్లలు అడుగుదురు. దానికి సమాధానము చర్చి జీవితకాలముననే వచ్చెను. 1970 తరువాతి సంవత్సరములలో ఫ్రాన్సున జీన్ ఈవ్ జిరార్, అమెరికాలో జాన్ రేనాల్డ్స్ అనువారు వేర్వేరుగా మరింత శక్తిగల రకవ్యవస్థ నొకదానిని కనుగొనిరి. సూచికలేవియు లేక ఆ వ్యవస్థలో లాంబ్డాకు రకము కలదా లేదా యని ఎల్లవేళల తేల్చు యంత్రపద్ధతి లేదని జో వెల్స్ 1994లో నిరూపించెను. కొన్ని ప్రశ్నలను యంత్రము ఎన్నటికి తేల్చజాలదని 1936లో చర్చి చూపిన హద్దే, ఆయన లాంబ్డా చెంతనే, ఇట్లు మరల కనబడెను. ఆ హద్దు కడ మనుష్యుడే వ్రాయవలెను. రకసూచికను వ్రాయుట చేతగానివాని పని కాదు. యంత్రము ఆగినచోట మానవుడు చేయు పని.

చర్చి 1967లో ప్రిన్‌స్టన్‌ను విడిచి లాస్ ఏంజిలిస్ నగరమునందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున చేరి, 1990 వరకు బోధించెను. ఎనుబది యారేండ్లు నిండువరకు పాఠము చెప్పిన గురువులు లోకమున అరుదు. జీవితాంతము దైవభక్తుడై, నిరాడంబరుడై మెలగి, 1995వ సంవత్సరము ఆగస్టు 11వ తేదీన ఒహాయో రాష్ట్రమున, తొంబది రెండేండ్ల వయస్సున పరమపదించెను. ఆయన దేహమును ప్రిన్‌స్టన్ శ్మశానవాటికలో సమాధి చేసిరి.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ పిల్లవాడు రాత్రి ప్రొద్దుపోవువరకు తెరముందు కూర్చుండి, ఒకే వరుసను పదిమారులు మార్చుచుండినచో, వాడు చేతగాక కూర్చున్నాడని తలంపకుడు. ఆ పంక్తికి చుట్టు ఏమున్నదో, ఏది వ్రాయక విడిచెనో, వ్రాసినది నిజమో కాదో తెలుగుననే అడుగుడు. వాడు తెలుగుననే చెప్పగలడు. చెప్పుచుండగనే సగము చిక్కు విడును. విద్యార్థులారా! తప్పు చూపినవానిమీద అలుగక, కూలినదానిలో నిలిచినదేదో వెదకి, తెలియనిచోట రకమును స్వహస్తముతో వ్రాయుడు. చర్చి మహాశయుడు చేసినది అదియే. మా పాఠశాల పిల్లలకు అది అసాధ్యము కాదని మా నమ్మకము.